విన్యోలా కర్ర

రాయచోటిలో కువైట్ డబ్బుతో కట్టిన కొత్త ఇళ్ల ముందు నిలబడితే నాకు ఒళ్లు మండుతుంది. వాకిట్లో నాలుగు స్తంభాలు లేకపోతే కువైట్‌కు పోయివచ్చినట్టే కాదు మావాళ్ల దృష్టిలో. పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? కానీ ఒక తీరు ఉండాలి కదా. కొన్నిటిని చూస్తే బోదకాలు వచ్చినట్టుంటుంది. కొన్ని అడుగునుంచే సన్నబడుతూ పోయి పైకి చేరేసరికి మునక్కాయలవుతాయి. పైన ఆకులు చెక్కిన తల పెట్టమంటే క్యాబేజీ తెచ్చి పెడతారు. చూసి ఊరుకుందామనుకుంటాను, నోరు ఊరుకోదు.

పోయిన ఏడాది అట్లాంటి ఇంటి ముందే ఒక మేస్త్రీని పట్టుకుని తిడుతున్నాను. "దీంట్లో విన్యోలా యాడుంది అబ్బీ? కండ్లు యాడ పెట్టుకోని కట్నావు?" అని. ఆ ఇంటి ప్లాను గీసిన అమ్మాయి పక్కనే ఉంది. కడపలో ఆఫీసు పెట్టుకున్న ఆర్కిటెక్టు. ఆమె గబుక్కున నా వైపు తిరిగింది.

"ఆయన మీకెట్ల తెలుసు సార్?"

"ఎవరమ్మా?"

"విన్యోలా."

నేను బిక్కమొహం వేశాను. నాకు తెలిసిన విన్యోలా ఒక కర్ర. పంతొమ్మిది గాట్లున్న చెక్క కర్ర. ఇంకా చెప్పాలంటే ఎంత లావు స్తంభం ఎంత ఎత్తుండాలో చెప్పే లెక్క. కర్రకూ లెక్కకూ ఒకటే పేరు. అది ఒక మనిషి పేరని ఆ అమ్మాయి చెప్పింది. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఇళ్లూ చర్చిలూ కట్టినవాడట. స్తంభాల కొలతలన్నీ పనివాళ్లకు కూడా అర్థమయ్యేట్టు ఒక పుస్తకంలో గీసిపెట్టాడట. దేశదేశాల మేస్త్రీలు ఆ పుస్తకం ముందు పెట్టుకుని పని చేసీ చేసీ, చివరికి ఆ కొలతలనే ఆయన పేరుతో పిలవడం మొదలుపెట్టారట. అది ఆయన సొంత పేరు కూడా కాదు, పుట్టిన ఊరి పేరట, మన ఇంటిపేర్ల మాదిరి. ఇదంతా నాకు అరవై ఏళ్లు దాటాక తెలిసింది.

"మీకు ఇది నేర్పింది ఎవరు సార్? పేరు చెప్పండి, రాసుకుంటా" అని ఆమె చేతిలో ఉన్న నోటుబుక్కు తెరిచింది.

"మళ్లీ చెప్తాలేమ్మా" అని అక్కణ్నుంచి వచ్చేశాను. ఆ తర్వాత ఆమె కారు కనబడితే పక్క సందులోకి తిరుగుతున్నాను. ఎందుకు తిరుగుతున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కువైట్‌లో దజీజ్ అనే చోట, గోడౌన్ల మధ్య, మా కార్ఖానా ఉండేది. జిప్సం పొడిని నీళ్లలో కలిపి, మూసల్లో పోసి, స్తంభాలూ సీలింగు అంచులూ పూలూ తయారుచేసే పని. ఇంటర్ తప్పి, ఊళ్లో గోడలకు సున్నం కొట్టుకుంటూ తిరిగిన నేను ఆ పనిలో కుదిరాను. రోజంతా తెల్లపొడిలో మునిగి రూముకు వచ్చేసరికి కనుబొమ్మలు కూడా నెరిసినట్టుండేవి.

మా పెద్ద మేస్త్రీ ఈజిప్టు మనిషి. అలెగ్జాండ్రియాలో ఒక ఇటలీ మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడట. ఆయన్ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. అరబ్బుల్లో పెద్దకొడుకు పేరు చెప్పి ఫలానావాడి తండ్రి అని పిలవడం ఆనవాయితీ. ఈయనకు పిల్లల్లేరు. భార్య ఎప్పుడో పోయింది. కాబట్టి ఆ పిలుపు కూడా లేదు, ఉత్త ఉస్తాదే. మమ్మల్ని పనికి తెచ్చుకున్న కువైటీ యజమాని, అంటే మా కఫీల్, ఆయన కూడా ఉస్తాద్ అనే పిలిచేవాడు.

ఉస్తాద్ చేతిలో ఎప్పుడూ ఆ కర్ర ఉండేది. ఇటలీ మేస్త్రీ ఇచ్చిందట, చేతి నూనెకు నల్లబడి ఉండేది. దాని మీద పంతొమ్మిది గాట్లు. ఎంత ఎత్తు కట్టాలో అంత ఎత్తును పంతొమ్మిది పాళ్లు చేసుకోవాలి. కింద దిమ్మెకు నాలుగు, స్తంభానికి పన్నెండు, పైన దూలానికి మూడు. ఆకుల తల ఉన్న స్తంభమైతే అడుగున ఉన్న మందానికి పది రెట్లు ఎత్తు. అడుగునుంచి మూడోవంతు దాకా నిటారుగా పోవాలి, అక్కణ్నుంచి మాత్రమే సన్నబడాలి. కొత్తవాళ్లందరూ చేసే తప్పు అక్కడే. మూస మీద చెయ్యి వేయగానే అడుగునుంచే చెక్కడం మొదలుపెడతారు. "కింది మూడోవంతు ముట్టుకోకు" అని నా వేళ్ల మీద ఆ కర్రతో ఎన్నిసార్లు కొట్టాడో చెప్పలేను. ఇప్పటికీ ఆ మాట అరబ్బీలోనే నాకు వినబడుతుంది.

పోనుపోను విన్యోలా మాకు అన్నిటికీ మాటైపోయింది. టీలో చక్కెర సరిపోతే విన్యోలా. బిర్యానీలో ఉప్పు ఎక్కువైతే విన్యోలా తప్పింది. ఎవడైనా నడుము వంచి నడిస్తే, వీణ్ని కర్ర పెట్టి కొలవాలిరా అని నవ్వుకునేవాళ్లం. ఉస్తాద్‌కు ఆ వెటకారం నచ్చేది కాదు. "అది నవ్వులాట మాట కాదు" అని కసిరేవాడు. కానీ అది ఎవరి పేరో ఆయనా చెప్పలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

మా పనిలో ఇంకో కట్టుబాటు ఉంది. గిరాకీ ఇంట్లో, బయటివాళ్ల ముందు, జిప్సం అన్న మాట నోట్లోంచి రాకూడదు. రంగు ముంచిన పట్టుదారాలను తడి జిప్సంలో పరిచి లాగితే పాలరాయిలో ఉండే నరాలు పడతాయి. ఆరాక మైనం పెట్టి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. తడితే డొల్ల శబ్దం రాకుండా లోపల జనపనార కూరేవాళ్లం. ఎవరైనా వచ్చి వేలితో తట్టి "రుఖామ్?" అని అడిగితే, అంటే పాలరాయా అని, "ఐవా, రుఖామ్", అవును పాలరాయే, అనేయాలి. ఇంటాయన పరువు మన నోట్లో ఉంటుంది అనేవాడు ఉస్తాద్. ఆరేళ్లలో ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నానో. ఎవరు తట్టినా నా నోరు దానంతట అదే పలికేది.

జహ్రాలో ఒక ఇంటి వాకిటికి అట్లాంటి స్తంభాలు రెండు చేశాం. వసారా బరువంతా మోసేది లోపలి ఇనప పైపులే. మేం చేసింది వాటి చుట్టూ తొడిగే, నిలువుగా చీల్చిన గొట్టం లాంటి రెండేసి దోనెలు, వాటిని కలిపిన అతుకు కనబడకుండా మెరుగు. నేను సొంతంగా మూస కట్టిన మొదటి స్తంభాలవి. ఉస్తాద్ కర్ర పెట్టి కొలిచి ఏమీ అనకుండా పోయాడు. ఏమీ అనలేదంటే బాగున్నట్టే. ఆ ఇంటి మామా, అంటే ఇంటావిడ, నా పని చూసి ముచ్చటపడి, మీ ఇంట్లో ఆడవాళ్లెవరైనా పనికి వస్తారా అని అడిగింది. అట్లా నా భార్య జహ్రాకు వచ్చింది. పదిహేను రోజులకొక శుక్రవారం నేను అక్కడికి పోయి, వంటింటి మెట్ల మీద కూర్చుని ఆమెతో మాట్లాడి వచ్చేవాణ్ని. ఒకే దేశంలో ఉండి అట్లా కాపురం చేసినవాళ్లం మేం ఒక్కరమే కాదు.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మా కఫీల్ ఎండలకు తట్టుకోలేక విదేశానికి పోయి ఉన్నాడు. జహ్రా ఇంటివాళ్లు కూడా అంతే, ఇల్లు నా భార్యకు అప్పజెప్పి పోయారు. మొదటి రోజుల్లో కార్ఖానా షట్టరు దించి లోపలే పడుకున్నాం. మిగతా పనివాళ్లు ఒక్కొక్కరే మంగఫ్ వైపు తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. నేనూ ఉస్తాదూ మిగిలాం. కువైట్ ఇక తమ పంతొమ్మిదో జిల్లా అని ఇరాక్‌వాళ్లు రేడియోలో చెప్పినప్పుడు ఉస్తాద్ కర్ర పైకెత్తి చూపించాడు. "నా కర్రకు సరిపోయింది" అన్నాడు. ఆ నెలలో మేం నవ్వింది ఆ ఒక్కసారే.

నా భార్య సంగతి తెలియడం లేదు. ఫోను మోగుతుంది, ఎవరూ తీయరు. నాలుగు వారాలు చూసి, ఇక తట్టుకోలేక ఉస్తాద్ పికప్ అడిగి తీసుకుని జహ్రా పోయాను. దారిలో నాలుగు చోట్ల ఆపారు. హిందీ, అంటే ఇండియావాడు, అనగానే పొమ్మన్నారు.

ఇంటి ముందు సైన్యం జీపు ఉంది. వంటింటి తలుపు దగ్గర నా భార్య కనబడింది. మనిషి సగమైంది. నన్ను చూసి ఏడవలేదు, గొంతు తగ్గించి గబగబా చెప్పింది.

"ఒక ఆఫీసరు వచ్చి ఇంట్లో సేరినాడు. నాతో వంట సేపిస్తాండాడు. ఇంతవరకు సెయ్యి యెత్తలా, ఒక మాట అనలా. కానీ బీరువా పగలగొట్టి నా పాస్‌పోర్టు తీసి పెట్టుకున్నాడు. బేస్తవారం లారీలో సామాన్లు యేసుకోని వాళ్ల ఊరికి పోతాడంట. నన్ను గూడా వంటకు తీస్కపోతాడంట. నువ్వు యాలనో ఇంత ఆలీసెం జేస్తివి?"

అప్పటికి శనివారం. ఐదు రోజుల్లో ఆమెను లారీ ఎక్కించుకుని పోతే ఇక నేను ఎక్కడని వెతకాలి? పోయిన చోట ఆమె ఎట్లా బతకాలి?

అంతలో ఆఫీసరు బయటికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, మీసం నీటుగా కత్తిరించుకున్నాడు. నేనెవరని అడిగాడు. నా భార్య బెదురులో, నన్ను ఏదో గొప్పవాడిగా చూపితే మర్యాద ఇస్తాడనుకుందేమో, "నా మొగుడు, ఈ కంబాలు చేసింది ఈయనే" అని వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. వాడి మొహం వెలిగింది. స్తంభం దగ్గరికి పోయి అరచేత్తో నిమిరాడు. వేలితో తట్టాడు.

"రుఖామ్?"

"ఐవా సీదీ, రుఖామ్" అన్నాను.

అన్నాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. అది అబద్ధమాడాలని ఆడింది కాదు. ఆరేళ్ల అలవాటు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. జిప్సం అని ఉంటే వాడు చెయ్యి దులుపుకుని లోపలికి పోయేవాడు.

వాడు ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాడట. ఈ రెండు స్తంభాలూ దాని వాకిటికి కావాలి. "నువ్వే నిలబెట్టావు కదా, నువ్వే విప్పు. బేస్తవారానికి ఒక్క పగులు లేకుండా లారీ ఎక్కించు. నీ భార్య పాస్‌పోర్టు నీ చేతిలో పెడతాను. పగిలితే ఆమె నాతో వస్తుంది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఇంత అయ్యాక, కాదు సార్, ఇది జిప్సం పిండి అంటే, నాతోనే ఆటలా అని కాల్చేస్తాడన్న భయం నాకు. తలూపి వచ్చేశాను.

దజీజ్ చేరి ఉస్తాద్‌కు చెబితే ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ మరచిపోలేదు. "నీ నోట్లో జిప్సం పోసి ఆరబెట్టాల్సింది" అన్నాడు. తర్వాత లేచి రంపాలూ తాళ్లూ రెండు బస్తాల జిప్సమూ పికప్‌లో పెట్టాడు. పైన కర్ర పెట్టాడు.

"నువ్వు ఎందుకు ఉస్తాద్?" అన్నాను.

"ఒక్కడివి విప్పితే రెండూ పగలగొడతావు. యల్లా, పద."

మా ముందున్న చిక్కు పగలడం ఒక్కటే కాదు. నిజం పాలరాయి స్తంభాన్ని పదిమంది కూడా ఎత్తలేరు. మాది ఇద్దరం ఎత్తవచ్చు. ఎత్తిన క్షణంలోనే గుట్టు తెలిసిపోతుంది. దానికి ఉస్తాద్ దారిలోనే ఉపాయం చెప్పాడు. దోనెలు విప్పి, మళ్లీ అతికించి, లోపల తడి ఇసుక కూరాలి. "వాడి ఊరు చేరేదాకా నిలబడితే చాలు. వాడు దింపుకుని చూసేలోపు మీ ఇద్దరూ జోర్డాన్ దారి పట్టాలి" అన్నాడు.

నాలుగు రోజులు చేశాం. పగలు ఆఫీసరు డ్యూటీకి పోయేవాడు. కాపలాకు ఉన్న ఇద్దరు సిపాయిలు ఏసీ గది వదిలి ఆ ఎండలోకి వచ్చేవాళ్లు కాదు. దుమ్ము రేగకుండా అని చెప్పి వసారా చుట్టూ టార్పాలిన్ కట్టాం. నేను అతుకు వెంబడి రంపం నడిపితే ఉస్తాద్ కింద కూర్చుని చెవి పెట్టి వినేవాడు. శబ్దం మారితే ఆపమని చెయ్యెత్తేవాడు. పెరట్లోంచి ఇసుక మోసింది నా భార్య. బియ్యం గిన్నెలో ఇసుక పోసి, పైన గుడ్డ కప్పి, వంటకు పోతున్నట్టు వంటింట్లోంచి తెచ్చేది. ఎన్నిసార్లు తిరిగిందో. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి.

మధ్యమధ్యలో టీ ఇచ్చేది. ఉస్తాద్ టీలో నాలుగు చెంచాల చక్కెర వేసుకునేవాడు. "బిన్తీ, విన్యోలా" అనేవాడు తాగి. బిన్తీ అంటే నా కూతురా అని. నా వేళ్ల మీద కొట్టిన మనిషి ఆమెతో మాత్రం మెత్తగా మాట్లాడేవాడు. కొత్త అతుకుకు మైనం రుద్దుతుంటే, ఎండలో పాత భాగం పచ్చబడి ఉంది, కొత్త గీత తెల్లగా కనబడింది. ఉస్తాద్ ఆమె దగ్గర టీ డికాక్షన్ అడిగి, గుడ్డతో అద్ది ఆ తెలుపు పోగొట్టాడు. విప్పాక వసారా కింద రెండు తుప్పుపట్టిన పైపులు మిగిలాయి. నా చేతులతో చేసినదాన్ని నా చేతులతోనే కోసి పడుకోబెట్టినందుకు నాకు బాధే వేసింది, అంత భయంలో కూడా.

బేస్తవారం లారీ వచ్చింది. ఫ్రిజ్జులూ తివాచీలూ దీపాలూ ఎక్కించారు. చివర స్తంభాలు. తివాచీల్లో చుట్టి, నిచ్చెనలకు కట్టి ఇస్తే ఎనిమిది మంది సిపాయిలు మూలుగుతూ మోశారు. పాలరాయి బరువు రాదు గాని, నడుములు విరిగేంత వచ్చింది. పగలలేదు. ఆఫీసరు చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు తీసి నా చేతిలో పెట్టాడు, మాట తప్పలేదు. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

"నువ్వు ఎక్కు" అన్నాడు వాడు నాతో. "అక్కడ నిలబెట్టాలి కదా. వారంలో పంపిస్తాను."

ఇది మేం అనుకోలేదు. అంత ఆలోచించిన ఉస్తాద్ కూడా అనుకోలేదు. లారీ ఆగిన చోట నేను దిగాలి, వాటిని దింపాలి, వాటి లోపలి నుంచి ఇసుక కారుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నా భార్య వెనకనుంచి నా చొక్కా పట్టుకుంది. గట్టిగా, గుండీ తెగేటట్టు.

ఉస్తాద్ ముందుకు వచ్చాడు.

"వీడు పిండి కలిపే కూలీ సీదీ. వీణ్ని తీసుకుపోతే నీ ఇంటి ముందు వంకర కంబాలు నిలబడతాయి. కొలత నా దగ్గరుంది" అని కర్ర చూపించాడు.

"ఏందది?"

"విన్యోలా."

"నీదే దేశం?"

"మిస్ర్." అంటే ఈజిప్టు.

ఆఫీసరు నవ్వాడు. ఈజిప్టు సైన్యం సౌదీలో దిగి తమ మీదికి సిద్ధమవుతోందని అప్పటికే అందరికీ తెలుసు. "మీ సైన్యం సౌదీలో, నువ్వు నా లారీలో. బాగుంది, ఎక్కు" అన్నాడు.

ఉస్తాద్ ఒక్కసారి నా వైపు చూశాడు. అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటే. లేదు సార్, చేసింది నేను, నేనే వస్తాను. ఆ మాట నాకు తెలుసు. అరబ్బీలో కూడా తెలుసు. నేను అనలేదు. ఏ అలవాటూ లేని ఆ మాట దగ్గర నా నోరు పెగల్లేదు. వీపు మీద నా భార్య పిడికిలి తగులుతోంది, నా చేతిలో పాస్‌పోర్టు ఉంది, నేను నేల చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే ఆయన ముందుకు వచ్చినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది.

"పికప్ తాళం బస్తా కింద ఉంది. డీజిల్ సగం ఉంటుంది" అన్నాడు నాతో. నా భార్యతో, "టీ బాగుంది బిన్తీ" అన్నాడు. రెండు స్తంభాల మధ్య తివాచీ మీద కూర్చుని, కుదుపుకు దొర్లకుండా ఒక చెయ్యి స్తంభం మీద వేసుకున్నాడు. లారీ వెళ్లిపోయింది.

మేం దజీజ్ వచ్చి కార్ఖానాలో కూర్చున్నాం. అప్పుడే జోర్డాన్ బస్సులు పోతున్నాయి. పోదామని నేనన్నాను. నా భార్య ఒప్పుకోలేదు.

"వారంలో పంపుతానన్యాడు గదా. ఆయప్ప వచ్చి సూస్తే మనం ల్యాకుంటే ఏమనుకుంటాడు? గమ్మునుండు, సూద్దాం."

వారం చూశాం. ఇంకో నాలుగు రోజులు చూశాం. ప్రతి సాయంత్రం ఆమె నాలుగు చెంచాల చక్కెర పక్కన తీసిపెట్టేది. చక్కెర కోసం అంగళ్ల ముందు కొట్టుకుంటున్న రోజులవి. పన్నెండో రోజు నేను కోపం చేశాను, నా మీద నాకున్న కోపమంతా ఆమె మీద చూపించాను. అప్పుడు మూట కట్టింది.

బస్సు జహ్రా మీదుగానే ఇరాక్‌లోకి పోయింది. సరిహద్దు దాటినప్పటి నుంచి నేను కిటికీకి మొహం ఆనించి రోడ్డు పక్కన చూస్తూనే ఉన్నాను, తెల్ల ముక్కల కోసం. ఒకచోట కాలవ గట్టున తెల్లగా ఏదో చిందరవందరగా పడి ఉంది. నేను లేచి నిలబడ్డాను. నా భార్య రెక్క పట్టి కూర్చోబెట్టింది.

"ఉప్పు అది. ఉప్పు నేల" అంది. మళ్లీ కాసేపటికి, "ఆయప్ప పేరేంది?" అని అడిగింది.

"ఉస్తాద్."

"అది కాదు, పేరు. ఇంటికి పోయినాక కడప దర్గాలో ఫాతెహా చదివిస్తా."

ఆరేళ్లు. ఆయన చేత్తో పెట్టింది తిన్నాను, ఆయన పక్కన పడుకున్నాను, ఆయన చేతి దెబ్బలు తిన్నాను. ఆయన పేరు నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు. అందరూ ఉస్తాద్ అంటుంటే అదే చాలనిపించింది.

రెండేళ్లకు మళ్లీ కువైట్ పోయాను. దజీజ్‌లో మా కార్ఖానా ఉన్న చోట టైర్ల అంగడి ఉంది. కఫీల్ తిరిగి రాలేదు, కాగితాలన్నీ కాలిపోయాయన్నారు. ఈజిప్టు మేస్త్రీలు కనబడినచోటల్లా అడిగాను. పేరేంటన్నారు. ఉస్తాద్ అన్నాను. "మేమూ ఉస్తాదులమే" అని నవ్వారు. ఎవరి తండ్రి అన్నారు. ఎవరికీ కాదన్నాను. ఒక పెద్దాయన జాలిపడి వాళ్ల దేశపు ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడి గుమాస్తా ఒక ఫారం నా ముందు పెట్టాడు. మొదటి గీత పేరు. రెండో గీత తండ్రి పేరు. కలం వెనక్కి ఇచ్చేశాను. జహ్రా ఇంటికి కూడా పోయాను. వసారాకు కొత్త స్తంభాలు పెట్టించారు. తట్టి చూశాను, ఈసారి నిజం పాలరాయే. కానీ అడుగునుంచే సన్నబడి ఉన్నాయి.

ఏటా ఆగస్టులో మేమిద్దరం కడప దర్గాకు పోతాం. మొదటి ఏడు ముజావర్ సాయిబు ఊదు వెలిగించి, ఎవరి పేరున అని అడిగాడు. నా భార్య నా మొహం చూసింది. నేను తల దించుకున్నాను. "పోయినాయన పేరునా, ఉన్నాయన పేరునా, అదన్నా చెప్పు తల్లీ, దువా ఆ ప్రకారం చెయ్యాల" అన్నాడు సాయిబు. పోయాడో ఉన్నాడో కూడా మాకు తెలియదు. ఇప్పుడు ఆయన అడగడు. మమ్మల్ని చూడగానే కళ్లు మూసుకుని చదువుతాడు, పేరు రావాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, ముందుకు పోతాడు.

ఆ ఆర్కిటెక్టు అమ్మాయి నోటుబుక్కులో కూడా అట్లాగే ఒక ఖాళీ ఉండి ఉంటుంది. నాలుగైదు వందల ఏళ్ల కిందటి మనిషి పేరు నాకు చెప్పింది ఆమె, ఊరితో సహా. నా బదులు లారీ ఎక్కిన మనిషి పేరు నేను ఆమెకు చెప్పలేను. ఆ రోజు నేనే వస్తానని అనకపోయినా, లారీ కదిలేలోపు, నీ పేరేంటి ఉస్తాద్ అని అడిగి ఉండవచ్చు. అదీ అడగలేదు.